ఒవెన్ ఇరుక్కున్న రాత్రి

1988 చివర్లో ఒక రాత్రి. నేను ఉద్యోగంలో చేరిన కొత్త. విశాఖలో మా ప్లాంటు ఇంకా కడుతున్నారు. ట్రైనింగ్ కోసమని మమ్మల్ని వేరే రాష్ట్రంలోని ఒక పాత ఉక్కు కర్మాగారానికి పంపారు. సి షిఫ్ట్, అంటే రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా. రెండు దాటాక పుషర్ కారు పట్టాల మీద దొర్లుకుంటూ వచ్చి ఒక ఒవెన్ ముందు ఆగింది. తలుపు తీశారు. ఇనప దూలం లాంటి రామ్ లోపలికి కదిలింది. మామూలుగా అయితే అది లోపలికి వెళ్తున్నకొద్దీ అవతలి గుమ్మంలోంచి ఎర్రగా కాలిన కోక్ నిలువెత్తు గోడలా కదిలి, విరిగి, కింద ఆగి ఉన్న బండిలోకి ధబధబా రాలాలి. ఆ రాత్రి రాలలేదు. రామ్ ఒక్క మూలుగు మూలిగి నిలబడిపోయింది. క్యాబిన్లో ఆంపియర్ల ముల్లు మాత్రం పైకి లేస్తోంది.

"ఆపీ బాబూ, ఆపీ! ఎనక్కి తీసీ!"

కేక వేసింది మా ఫోర్‌మన్. శ్రీకాకుళం జిల్లా నుంచి కుర్రతనంలోనే పొట్ట చేత పట్టుకుని వచ్చి అక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి. ఇంకోసారి గట్టిగా తోసి చూద్దామా అని ఆపరేటరు అడిగాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"తోత్తే గోడ పోద్ది నాయినా. అది రానంటంటే బలవంతం సెయ్యకూడదు. తలుపులు మూసీండి. ఇంకా కాగనీండి."

ఎందుకు రాలేదో తర్వాత మాకు నేర్పారు. ఒవెన్ అంటే గాలి చొరబడకుండా మూసిన సన్నటి, పొడవాటి గది. అందులో బొగ్గు నింపి, రెండు పక్కల గోడల్లోంచి వెయ్యి డిగ్రీలు దాటిన సెగ పెడతారు. 16 నుంచి 18 గంటల సేపు బొగ్గు అందులో ఉడుకుతుంది. ముందు మెత్తబడుతుంది, ముద్దవుతుంది, తర్వాత గట్టిపడుతుంది. అన్నిటికంటే చివర్లో కొద్దిగా ముడుచుకుని గోడలను వదులుతుంది. ఆ వదిలిన కాస్త సందు వల్లే రామ్ తోస్తే కదులుతుంది. సెగ సమంగా తగలకపోయినా, గోడలకు కార్బన్ పేరుకున్నా, బొగ్గు పాళ్ళు తప్పినా అది గోడను వదలదు. ఒవెన్ ఇరుక్కుంటుంది. దాన్ని స్టికర్ అంటాం.

తెల్లారుతుండగా అవతలి వైపు తలుపు తీశారు. మందపాటి కోట్లు, ముఖాలకు తడి తువ్వాళ్ళు కట్టుకున్న మనుషులు పొడవాటి ఇనప రాడ్లతో గుమ్మం దగ్గరి కోక్‌ను కొద్దికొద్దిగా లాగడం మొదలుపెట్టారు. ఇద్దరు లాగితే ఇద్దరు వెనక్కి వచ్చి చల్లబడాలి. మళ్ళీ మరో ఇద్దరు. ఒక గంటకు గుమ్మం వైపు కాస్త ఖాళీ అయింది. అప్పుడు ఇటువైపు నుంచి రామ్‌ను నెమ్మదిగా, చాలా నెమ్మదిగా తోశారు. ముల్లు లేచింది, ఆగింది, దిగింది. గోడంతా ఒక్కసారిగా కదిలి ఎర్రగా కూలింది.

ఆ రాత్రి నేర్చుకున్నది ఉద్యోగంలో మర్నాటి నుంచే పనికొచ్చింది. కథలు రాయడానికి కూడా పనికొస్తుందని తెలియడానికి నాకు ఇరవై మూడేళ్ళు పట్టింది.

నేను రాయడం మొదలుపెట్టింది 1990లో. మా ప్లాంటులో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 'గోదావరి'ని వెలిగించిన ఏడాది. అప్పటి నుంచి 2002 దాకా పన్నెండు కథలు రాశాను. పన్నెండో కథకు ఒక పత్రిక పెట్టిన పోటీలో బహుమతి వచ్చింది. ఇన్లాండ్ లెటర్లు వచ్చాయి. క్యాంటీన్లో తెలియనివాళ్ళు కూడా పలకరించారు. మా ఆవిడ ఆ పత్రికను ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచింది. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు ఒక్క కథ కూడా రాయలేకపోయాను.

రాయకుండా ఊరుకున్నానా అంటే అదీ లేదు. గాజువాకలో పుస్తకాల షాపుకు వెళ్ళి కొత్త లాంగ్ నోట్‌బుక్ కొనేవాడిని. మొదటి పేజీ మీద తేదీ వేసేవాడిని. ఒక వాక్యం రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, ఆ కాగితం చింపేసేవాడిని. ఒకే కథకు మొదటి పేజీ ఇరవై సార్లకు పైగా రాశాను. రెండో పేజీ ఒక్కసారి కూడా రాయలేదు. బహుమతి కథ పక్కన పెట్టి చూసుకుంటే ఏ వాక్యమూ దాని స్థాయికి తూగేది కాదు. ఆ కథ కూడా ఒకప్పుడు ఇలాగే నత్తినత్తిగా మొదలైందన్న సంగతి మరిచిపోయాను. అదే గోడకు అదే రామ్‌ను రోజూ కొడుతూ ఉన్నాను.

రాయాలనుకున్న కథ మా నాన్న గురించి. ఆయన రేవులో ఇసుక తీసే డ్రెడ్జర్ మీద ఖలాసీ.

విశాఖ రేవు కథ తెలిసినవాళ్ళకు ఇసుక సంగతి చెప్పక్కర్లేదు. 1933లో రేవు మొదలైన నాటి నుంచీ దానికి ఇదే తగువు. నైరుతి రుతుపవనాల కాలంలో కెరటాలు ఒడ్డు వెంబడే ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకొస్తాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ దాటగానే రేవు ముఖద్వారంలో పడి అది మేట వేస్తుంది. దాన్ని అడ్డుకోవడానికి రేవు కట్టిన తొలి రోజుల్లో 'జానస్', 'వెలెడ్సన్' అనే రెండు పాత ఓడలను కావాలనే సముద్రంలో ముంచి అడ్డుకట్టగా నిలబెట్టారు. అయినా ఇసుక రావడం మానలేదు. అందుకే ఏటా తవ్వాలి. తవ్విన ఇసుకను ఉత్తరాన కోతకు గురవుతున్న ఆర్కే బీచ్ వైపు పోస్తారు. దేశంలోని రేవుల్లో పూడిక తీసే డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ప్రధాన కార్యాలయం ఈ ఊళ్ళోనే ఉంది.

నాన్న డ్యూటీ దిగి వస్తే తలలో ఇసుక, చెవుల్లో ఇసుక, చొక్కా మడతల్లో ఇసుక. అమ్మ ఆయన్ని వాకిట్లో గోలెం దగ్గరే నిలబెట్టి నాలుగు చెంబులు పోసుకున్నాకే లోపలికి రానిచ్చేది. చిన్నప్పుడు ఒకసారి అడిగాను, నిన్న తీసిందే కదా నాన్నా, ఈరోజు మళ్ళీ తీయడమెందుకు అని. నన్ను మోకాలి మీద కూర్చోబెట్టుకున్నాడు.

"ఇసక రాకండా ఆపడం మన సేతుల్లో నేదురా. తియ్యడం మన సేతుల్లో ఉంది. తియ్యకపోతే ఓడ రాదు."

ఇంత సామగ్రి దగ్గర పెట్టుకుని తొమ్మిదేళ్ళు ఒక్క పేజీ దాటలేదు. రాతకు అడ్డం పడేది చెప్పడానికేమీ లేకపోవడమే అనుకుంటారు చాలామంది. నా విషయంలో ఉన్నదంతా ముఖద్వారంలోనే పేరుకుపోయింది.

దీనికి ఇంగ్లీషులో రైటర్స్ బ్లాక్ అన్న పేరు 1947లో వచ్చింది. ఎడ్మండ్ బెర్గ్లర్ అనే మనస్తత్వ విశ్లేషకుడు పెట్టాడు. చిన్నప్పటి మానసిక చిక్కుముళ్ళే దీనికి మూలమని ఆయన వాదన. నాకు ఆ వాదన మీద పెద్దగా నమ్మకం లేదు. మన దగ్గర రచయితలు దీనికి ప్రత్యేకంగా పేరు పెట్టలేదు గానీ, 'కలం కదలడం లేదు' అనుకోని వాళ్ళు ఉండరు. ఇదే ఊళ్ళో ఎంత పెద్దవాళ్ళు ఎన్నేళ్ళు ఆగారో తెలిశాక నాకు ధైర్యం వచ్చింది.

కాళీపట్నం రామారావు మాస్టారినే తీసుకోండి. శ్రీకాకుళం జిల్లా మురపాకలో 1924లో పుట్టారు. విశాఖలో సెయింట్ ఆంథోనీస్ హైస్కూల్లో ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పారు. 1943 నుంచే చిన్న కథలు రాస్తున్న మనిషి, మధ్యలో కొన్నేళ్ళు రాయడం మానేశారు. తాను రాస్తున్నది తనకే చాలక ఆగారు. ఆ ఏళ్ళలో చదువుకున్నారు, చుట్టూ ఉన్న ఊళ్ళను, అప్పులను, భూములను అర్థం చేసుకునే పనిలో ఉన్నారు. ఆ విరామం తర్వాత 1960లలో వచ్చిన కథల్లోదే 'యజ్ఞం'. తెలుగు కథ గురించి మాట్లాడేవాళ్ళు ఇప్పటికీ దాని దగ్గర ఆగకుండా ముందుకు వెళ్ళలేరు. 'యజ్ఞంతో తొమ్మిది' సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ తర్వాత ఆయన తన కథలకంటే అందరి కథల మీద పడ్డారు. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథనూ ఒక్క కప్పు కిందికి తేవాలన్న పని అది. 2021లో వెళ్ళిపోయేదాకా ఆ ధ్యాసే.

మాస్టారి విరామాన్ని నా తొమ్మిదేళ్ళతో పోల్చుకుని ఊరట పొందుదామని మొదట్లో అనుకున్నాను. పోలిక కుదరదు. ఆయన ఒవెన్ మూసి ఉంది గానీ లోపల ఉడుకుతోంది. పచ్చిగా ఉన్నదాన్ని తోసెయ్యలేదు. మా దగ్గర అలా తొందరపడి తోస్తే 'గ్రీన్ పుష్' అంటాం. నల్లటి పొగ చిమ్ముతుంది, వచ్చిన కోక్ ఎందుకూ కొరగాదు. కాబట్టి రాత ఆగిన ప్రతివాళ్ళూ తమను తాము అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ రోజుల్లో నేను చదువుతున్నానా, వింటున్నానా, ఎవరి బతుకైనా దగ్గర నుంచి చూస్తున్నానా? ఔను అనిపిస్తే భయపడక్కర్లేదు, ఉడకనివ్వాలి. నాలాగా నోట్‌బుక్‌లు కొంటూ మాత్రమే గడుపుతుంటే ఇరుక్కున్నట్టే.

2011లో నా తలుపు తెరుచుకున్న తీరు చెప్తాను. కొత్తగా చేరిన కుర్రాళ్ళకు క్లాసులు చెప్పమన్నారు. నేను ఉద్యోగమంతా హీటింగ్ విభాగంలోనే చేశాను. పైరోమీటరుతో సెగ చూసి లాగ్‌బుక్‌లో ఎక్కించడం, ఏ గోడ దగ్గర తగ్గింది, ఎక్కడ పెరిగింది అని కనిపెడుతూ ఉండడం నా పని. ఒవెన్ ఇరుక్కుంటే ఏం చెయ్యాలో పిల్లలకు పుస్తకం చూసి చెప్తే ఎక్కలేదు. సరే, నేను 1988లో చూసిన రాత్రిని రాసి ఇస్తానని చెప్పి ఇంటికొచ్చాను. వంటింటి బల్ల మీద కూర్చుని, పాత డైరీలో, ఒక్క కొట్టివేత లేకుండా ఆరు పేజీలు రాశాను. ఫోర్‌మన్ మాట, తడి తువ్వాళ్ళు, ముల్లు దిగడం, అన్నీ వచ్చేశాయి. మర్నాడు ఒక అమ్మాయి, ఇంజినీరింగ్ చదివి వచ్చిన ట్రైనీ, కాగితాలు తిరిగి ఇస్తూ, "సార్, నోట్స్ అనుకుని చదివానండి. కథలా ఉందండి" అంది.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి బస్సెక్కి కూర్చున్నాక గానీ నాకు అసలు సంగతి తట్టలేదు. ఆ ఆరు పేజీలు రాస్తున్నప్పుడు కథ రాస్తున్నానని నాకు తెలియదు. ఎవరో ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఒక విషయం అర్థం కావాలన్న తపన తప్ప ఇంకేమీ లేదు. బహుమతి కథ గుర్తుకు రాలేదు. చెయ్యి పాడవలేదు, భయపడింది.

మర్నాటి నుంచి ఒక చిన్న పుస్తకం పెట్టాను. అది కథల పుస్తకం కాదని, లాగ్‌బుక్ అని నాకు నేనే చెప్పుకున్నాను. లాగ్‌బుక్‌లో ఎవరూ అందంగా రాయరు. తేదీ, షిఫ్ట్, ఆ రోజు చూసింది ఒకటి, విన్నది ఒకటి. అంతే. ఆ పుస్తకంలోంచి ఒక రోజు ఇది: 'బి షిఫ్ట్. చూసింది: కూర్మన్నపాలెం గేటు దగ్గర సైకిల్ హ్యాండిల్‌కి రెండు టిఫిన్ క్యారేజీలు తగిలించుకున్న మనిషి. రెండోది ఎవరికి? విన్నది: బస్సులో ఫోన్లో ఒకావిడ, "జీతం పడ్డాక ముందు నీకే ఇస్తాను వదినా, ఆడికి సెప్పకు".' ఈ రెండూ వారం తర్వాత ఒక కథలో కలిశాయి. ఆ రోజు మాత్రం వాటిని కలపాలని చూడలేదు.

రోజూ రాయడం గురించి మాట్లాడితే చాలామంది, మాకు టైమెక్కడిదండీ అంటారు. నేను షిఫ్టుల మనిషిని. ఒక వారం పొద్దున్న, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి డ్యూటీ. తెల్లవారుజామున లేచి రాయండి అని పుస్తకాల్లో చెప్పే సలహా నా లాంటివాడికి కుదరదు. ఏ షిఫ్టయినా డ్యూటీ దిగి వచ్చాక స్నానం, టీ తప్పవు. అందుకని గడియారాన్ని వదిలేసి రాతను టీకి కట్టేశాను. గ్లాసు పక్కనే పుస్తకం, పుస్తకంలోనే పెన్ను. టీ చల్లారేలోపు రాసింది చాలు. పక్క క్వార్టర్లో ఉండే అక్క ఇంకా గట్టిది. పప్పు కుక్కరు పెట్టి, నాలుగు విజిళ్ళు వచ్చేలోపు పాలలెక్క రాసే క్యాలెండరు వెనక రాసుకునేది. అలా రాసినవే ఆమె మొదటి సంపుటిలో సగం కథలు.

అలవాటు ఎన్నాళ్ళకు కుదురుతుంది? 21 రోజులని ఒక మాట అందరి నోళ్ళలోనూ నానుతోంది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని పన్నెండు వారాలు గమనించి 2009లో ఫలితాలు చెప్పారు. ఒక పని దానంతటదే జరిగిపోయే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే. అందరికంటే నెమ్మదైనవారికి 254 రోజులు పట్టవచ్చని లెక్క తేలింది. నీళ్ళు తాగడం లాంటి చిన్న పనులు త్వరగా కుదిరాయి, వ్యాయామం లాంటివి ఆలస్యమయ్యాయి. నాకు నచ్చింది ఆ పరిశోధనలోని మరో సంగతి. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదు. ఒక రోజు తప్పిందని మొత్తం వదిలేసేవాళ్ళు దీన్ని గుర్తు పెట్టుకోవాలి. నేను మా అమ్మ పోయినప్పుడు పదిహేను రోజులు రాయలేదు. పదహారో రోజు రెండు పంక్తులు రాశాను.

రెండు పంక్తులే ఎందుకంటే, ఒవెన్లను ఎప్పుడూ చల్లారనివ్వరు. పక్కపక్కనే కట్టిన ఒవెన్ల వరసను బ్యాటరీ అంటాం. మా బ్యాటరీలో 67 ఒవెన్లు, ఒక్కోటి 7 మీటర్ల ఎత్తు. గోడలు సిలికా ఇటుకలతో కట్టినవి. ఆ ఇటుక వేడిలో ఉన్నంతకాలం రాయిలా ఉంటుంది, చల్లారితే పరిమాణం మారి బీటలు వారుతుంది. అందుకని ఒకసారి వెలిగించిన బ్యాటరీ దాని ఆయుష్షంతా, అంటే కొన్ని దశాబ్దాల పాటు, వేడిగానే ఉండాలి. కోక్ అవసరం తగ్గిన రోజుల్లో కూడా సెగ ఆర్పరు. తగ్గిస్తారు. 16 గంటల్లో అయ్యే ఉడుకును 24 గంటలకో, అంతకంటే ఎక్కువకో సాగదీస్తారు. పెళ్ళిళ్ళు, ఆస్పత్రులు, పిల్లల పరీక్షలు వచ్చినప్పుడు రాతను కూడా ఇలాగే నెమ్మది మీద ఉంచొచ్చు. రోజుకు ఒక పేజీ రాసేవాడు రెండు పంక్తులకు దిగొచ్చు. ఆర్పేసి మళ్ళీ వెలిగించడం ఎంత కష్టమో తొమ్మిదేళ్ళు అనుభవించిన వాడిని.

మూడ్ వస్తే రాస్తాం అనేవాళ్ళ మీద అమెరికన్ మనస్తత్వవేత్త రాబర్ట్ బాయిస్ ఒక ప్రయోగం చేశారు. రాయలేకపోతున్నామని బాధపడే 27 మంది అధ్యాపకులను మూడు జట్లు చేశారు. అత్యవసరమైతే తప్ప రాయొద్దని ఒక జట్టుకు, మనసు పుట్టినప్పుడే రాయమని రెండో జట్టుకు, మనసున్నా లేకున్నా నియమం ప్రకారం రాసి తీరాలని మూడో జట్టుకు చెప్పారు. మూడో జట్టు ఎక్కువ పేజీలు రాయడంలో వింతేమీ లేదు. కొత్త ఆలోచనలు కూడా వాళ్ళకే ఎక్కువ వచ్చాయి. ఆలోచన వస్తే రాద్దామని కూర్చున్నవాళ్ళకంటే, రాస్తూ కూర్చున్నవాళ్ళకు ఆలోచనలు వచ్చాయన్నమాట. ఆంథొనీ ట్రాలప్ అనే ఇంగ్లీషు నవలాకారుడు తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే రోజూ ఆఫీసుకు ముందు, గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటల లెక్కన తన 47 నవలల్లో చాలావాటిని రాశాడు. ఆ సంగతి ఆత్మకథలో చెప్పుకున్నందుకు ఆయన్ని గుమాస్తాలా రాశాడని చిన్నచూపు చూసినవాళ్ళున్నారు. గుమాస్తాలా రాయడంలో తప్పేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఉద్యోగం రాతకు శత్రువనే మాట కూడా నేను ఒప్పుకోను. రావిశాస్త్రిగారు ఈ ఊళ్ళో వకీలు. కోర్టులకు వచ్చే పేదలు, వాళ్ళను పట్టుకొచ్చే పోలీసులు, సాక్షులు, దళారులు ఆయనకు రోజూ ఎదురయ్యేవారు. 'ఆరు సారా కథలు' అక్కడి నుంచే వచ్చాయి. వకీలు పని లేకపోతే ఆ మనుషులు ఆయన దగ్గరికి వచ్చేవారే కాదు. ఆయన నవల 'రత్తాలు-రాంబాబు' పూర్తి కాలేదు. పూర్తి కాని ఆ పుస్తకాన్ని కూడా మనం చదువుతూనే ఉన్నాం. ఇక మొదటి ప్రతి బాగాలేదని కుంగిపోయేవాళ్ళు గురజాడను గుర్తు తెచ్చుకోవాలి. 'కన్యాశుల్కం' 1892లో నాటకమాడారు, 1897లో అచ్చయింది. దాన్నే ఆయన తిరగరాసి 1909లో మళ్ళీ వేశారు. మనందరికీ కంఠస్థమైన గిరీశం, మధురవాణి ఆ రెండో పుస్తకంలోని వాళ్ళు. అచ్చయి, జనం మెచ్చినదాన్నే పన్నెండేళ్ళకు తిరగరాసినప్పుడు, మన లాంగ్ నోట్‌బుక్‌లో మొదటి వాక్యం నచ్చలేదని కాగితం చింపడం ఎందుకు?

నేనిప్పుడు కాగితం చింపను. నచ్చని వాక్యం పక్కన చిన్న గీత గీసి ముందుకు పోతాను. రాసేటప్పుడు దిద్దను, దిద్దే రోజు రాయను. ఒకచోట ఇరుక్కుంటే, పొడవాటి రాడ్లు పట్టుకున్న ఆ మనుషుల్ని తలుచుకుని, అవతలి తలుపు దగ్గరికి వెళ్తాను. అంటే కథ చివర నుంచో, మధ్యలో బాగా తెలిసిన ఒక సన్నివేశం నుంచో చేతికందినంత లాగుతాను. నాన్న కథకు మొదటి పేజీ అన్నిసార్లు రాసినా కదలనిది, చివరి సన్నివేశం రాయగానే కదిలింది. రిటైరైన నాన్న రోజూ పొద్దున్నే బీచ్‌కి వెళ్ళి, దూరంగా డ్రెడ్జర్ ఇసుక తీస్తూ ఉంటే చూసి వచ్చేవాడు. ఇంటికొచ్చి, "ఈరోజు కుర్రోళ్ళు బాగా తీత్తన్నారు" అని అమ్మకు చెప్పేవాడు. ఆ మాట ముందు రాశాను. మిగతాది దాని వెనకే వచ్చింది.

ఇంకో సాయం కూడా ఉంది. ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది కదా, నెలకో ఆదివారం అక్కడ ముగ్గురం కలుస్తాం. ఒకాయన రైల్వేలో పనిచేసి దిగారు, ఒకావిడ టీచరు. నియమం ఒక్కటే, ఖాళీ చేతులతో రాకూడదు. అర పేజీ అయినా, చెత్త అయినా పైకి చదవాలి. చదువుతుంటే నాలుక ఎక్కడ తడబడుతుందో వాక్యం అక్కడ బాగాలేదని నాకే తెలిసిపోతుంది. మిగతా ఇద్దరూ ఏమీ అనక్కర్లేదు.

ఇదంతా చెప్పాక ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. అన్ని ఆగిపోవడాలూ ఒకటి కావు. నిద్ర పట్టక, తిండి సయించక, రాతే కాదు ఏ పనీ చెయ్యబుద్ధి కాక వారాలు గడుస్తుంటే అది కలం బాధ కాదు. అలాంటప్పుడు పుస్తకం, నియమం పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మన ఊళ్ళో చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఎక్కడున్నా టెలిమానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. మా షిఫ్టులో మంచి పాటలు కట్టే మిత్రుడొకడు పాటలు ఆపేస్తే మేమంతా బద్ధకమని మందలించాం. అతనికి కావాల్సింది వైద్యం. అది మాకు ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు బాగున్నాడు, ఆ మందలింపు మాత్రం నాకు ఇంకా గుచ్చుకుంటుంది.

నాన్న కథ పెరిగి పెరిగి నవలయింది. రిటైరయ్యాక షిఫ్టులు లేవు గానీ టీ ఉంది. ఈ పొద్దున్న 143వ పేజీలో ఉన్నాను. ఇంకా రాయగలిగి ఉండీ ఆపేశాను. హెమింగ్వే అలా చేసేవాడట, తర్వాత ఏం జరగబోతోందో తెలిసిన చోటే ఆగేవాడు, మర్నాడు అక్కడి నుంచి అందుకోవడానికి. నా పేజీలో నాన్న డ్రెడ్జర్ అంచున నిలబడి ఉన్నాడు. గొట్టంలోంచి ఇసుక, నీళ్ళు కలిసి ధారగా పడుతున్నాయి. కొత్తగా చేరిన కుర్రాడు పక్కకు వచ్చి, ఇది ఎప్పటికి అయిపోద్ది మావా అని అడిగాడు. నాన్న తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఏం చెప్తాడో నాకు తెలుసు. రేపు రాస్తాను.